రంగంలో పసుపు పెట్టె

మా పక్క ముసలివాళ్ళు రంగూన్‌ని రంగం అంటారు. "ఆడు రంగం ఎల్లిపోనాడు" అన్నారంటే ఓడెక్కేశాడు, ఇక మనియార్డరు కోసం ఎదురుచూడటమే అని. నేను ఆ రంగంలోనే పుట్టాను, 1952లో. పజుందాంగ్ కాలువ ఒడ్డున బియ్యం మిల్లులు వరసగా ఉండేవి. వాటిలో ఒకదాంట్లో మా నాన్న కాటా గుమాస్తా. బస్తా తూకం చూసి చీటీ రాయడం ఆయన పని. మేస్త్రీ తెలుగువాడు, మోసే కూలీలు తెలుగువాళ్ళు, సాయంత్రం పొయ్యి మీద కుతకుతలాడే చింతపండు పులుసూ తెలుగుదే. బర్మావాళ్ళు మమ్మల్నందరినీ కోరంగీలు అనేవారు. ఎప్పుడో కోరంగి రేవు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళ ఊరిపేరు, విజయనగరం నుంచి వచ్చినవాడికీ శ్రీకాకుళం నుంచి వచ్చినవాడికీ కూడా అంటుకుపోయింది. 1931 జనాభా లెక్కల్లో రంగంలో సగానికి పైగా భారతీయులే. 1942లో జపానువాళ్ళ బాంబులకు భయపడి అడవుల్లోంచి నడిచి వచ్చేసినవాళ్ళలో చాలామంది మళ్ళీ అటు చూడలేదు. మా తాత చూశాడు. ఆయన మొండితనం వల్ల నేను అక్కడ పుట్టాను, ఎనిమిదేళ్ళ వయసులో ఒక ఎన్నికను కళ్ళారా చూశాను.

అమెరికాలో అధ్యక్ష ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన పత్రికలవాళ్ళకి ఒక సరదా ఉంటుంది. ఈ అభ్యర్థి చెయ్యి ఊపే తీరు ఫలానా పాత అధ్యక్షుడిలా ఉంది, ఆ అభ్యర్థి ఛలోక్తులు ఇంకొకాయన దగ్గర నేర్చుకున్నవి అంటూ పోలికలు కడతారు. నాకూ ఆ సరదా ఉంది. కాకపోతే నాకు తెలిసిన అధ్యక్షులు రంగం వాళ్ళు. వాళ్ళతో ఈ ఆట ఆడబోతే ఒక చిక్కుముడి అడ్డం వస్తుంది. ఆ దేశంలో జనం ముందుకొచ్చి ఓట్లడిగిన పెద్దమనుషులు అధ్యక్షులు కాలేదు. అధ్యక్షులైనవాళ్ళు ఆ కుర్చీ కోసం వీధుల్లోకి వచ్చి ఓట్లడగలేదు.

1960 ఫిబ్రవరి 6. మా పక్కవాటాలో ఒక బర్మా ఆవిడ ఉండేది, చుట్టలు చుట్టేది. బర్మాలో పెద్దవాళ్ళను పేరు పెట్టి ఉత్తినే పిలవరు, మగవాళ్ళయితే ఊ, ఆడవాళ్ళయితే డా అని ముందు చేర్చాలి. నేను ఆవిణ్ణి డాడా అనేవాణ్ణి, అది ఏ భాషలోనూ తప్పే. ఆ రోజు ఆవిడ పొద్దున్నే తలంటు పోసుకుని, జడలో పువ్వు పెట్టుకుని, మా అమ్మనడిగి నన్ను వెంట తీసుకెళ్ళింది. ఓటింగు బడిలో. నన్ను గేటు దగ్గరే ఆపేశారు. ఆవిడ లోపలికెళ్ళి వచ్చి, నా చెవిలో రహస్యం చెప్పినట్టు, "పసుపు పెట్టెలో వేశాను, ఊ ను బొమ్మ ఉన్నదాంట్లో" అంది. అది రహస్యంగా ఉండాల్సినదేనని ఆవిడకు గుర్తున్నట్టు లేదు.

ఇప్పటివాళ్ళకు ఈ పెట్టెల సంగతి చెప్పాలి. అప్పట్లో అక్కడ ఒక్కొక్క పార్టీకి ఒక్కొక్క పెట్టె. చాటుగా ఉన్న గదిలో పెట్టెలన్నీ వరసగా పెడితే, ఓటరు తన కాగితం తీసుకెళ్ళి నచ్చిన పెట్టెలో వేసి రావడమే. మన దగ్గర కూడా 1952, 1957 ఎన్నికలు ఇలాగే జరిగాయి. ఎడ్ల జతకు ఒక పెట్టె, కంకి కొడవలికి ఒక పెట్టె. చదువు రానివాడికి కూడా బొమ్మ తెలుస్తుంది, రంగు తెలుస్తుంది. అంతకుముందు ప్రధానిగా చేసిన ఊ ను ఆ సంగతి అందరికంటే బాగా పట్టుకున్నాడు. తన పార్టీ పెట్టెకి పసుపు రంగు వేయించి, దాని మీద తన బొమ్మ అంటించుకున్నాడు. ఆ పసుపు మన గడపలకు రాసే పసుపు లాంటిది కాదు. తెల్లవారుజామున భిక్షాపాత్రలు పట్టుకుని వరసగా నడిచే భిక్షువుల చీవరాల రంగు. పిల్లలకు కూడా అది దణ్ణం పెట్టాల్సిన రంగని తెలుసు. ఓటు కాగితం ఆ పెట్టెలో వెయ్యడానికీ, గుళ్ళో హుండీలో వెయ్యడానికీ తేడా ఎంతని డాడాని అడిగితే ఏం చెప్పేదో!

ఆ ఎన్నిక వచ్చిన తీరు కూడా మామూలుది కాదు. స్వాతంత్ర్యం తెచ్చిన పార్టీ 1958లో రెండుగా చీలింది. ఊ నుది స్వచ్ఛ వర్గం, ఎదుటివాళ్ళది స్థిర వర్గం. పార్టీ చీలికలు మనకూ అలవాటే గానీ, చీలినవాళ్ళు తమకు తామే స్వచ్ఛమనీ స్థిరమనీ పేర్లు పెట్టుకోవడంలో ఒక అమాయకత్వం ఉందనిపిస్తుంది నాకు. ఆ గొడవలో పాలన సేనాపతి నె విన్ చేతికి వెళ్ళింది, ఆరు నెలలకని. ఆరు నెలలు ఏడాదిన్నరకు దగ్గరపడింది. సైన్యంవాళ్ళు ఊరు బాగు చేశారు. వీధులు కడిగించారు, గుడిసెలు పీకించి జనాన్ని ఊరి బయట తకేటా, ఒక్కలాపా అనే కొత్త పేటలకు లారీల్లో తరలించారు. ఊరు అద్దంలా మెరిసిందని మిల్లు యజమానులు మెచ్చుకున్నారు. లారీలెక్కినవాళ్ళు మెచ్చుకోలేదు. సైన్యానికి స్థిర వర్గం మీద మక్కువ అని చంటిపిల్లలకు కూడా తెలిసిపోయింది. ఆ మక్కువే వాళ్ళని ముంచింది.

ఊ ను పేరులో నూ అంటే మెత్తన అని అర్థం. మనిషి కూడా అలాగే కనిపించేవాడు. తలకి గులాబీరంగు పట్టు గాంగ్‌బాంగ్, గుండ్రటి ముఖం, నవ్వు. ఒకసారి నాన్న నన్ను భుజం మీద కూచోబెట్టుకుని మైదానంలో దూరంగా నిలబడి చూపించాడు. నాకు మైకులో మాటల కంటే జనం నవ్వులే గుర్తు. హరిదాసు కథ మధ్యలో పిట్టకథ చెబితే నవ్వుతారే, ఆ నవ్వు. ఆయన సభల్లో కూర్చుంటే ఉపన్యాసం విన్నట్టుండదు, ధర్మబోధ విన్నట్టుంటుందని నాన్న అనేవాడు. బౌద్ధాన్ని రాజ్యమతం చేస్తానన్నది ఆ ఎన్నికల్లో ఆయన పెద్ద వాగ్దానం. ప్రజాస్వామ్యం కావాలా, నియంతృత్వం కావాలా అన్నది పెద్ద ప్రశ్న.

ఆయన ఊరికే ముని అనుకుంటే పొరపాటు. రచయిత, నాటకాలు రాసినవాడు. మనుషులను మెప్పించి మిత్రులను చేసుకోవడం ఎలాగో చెప్పిన డేల్ కార్నెగీ పుస్తకాన్ని కుర్రతనంలోనే బర్మీస్‌లోకి దించినవాడు. ఆరో బౌద్ధ సంగీతికి కబా ఏ దగ్గర కొండగుహ లాంటి సభామందిరం కట్టించి, 1954 నుంచి రెండేళ్ళు భిక్షువులను అక్కడ కూర్చోబెట్టినవాడు. ఒక చేతిలో త్రిపిటకం, ఇంకో చేతిలో కార్నెగీ. ఓడిపోయే అవకాశం ఎక్కడుంది? ఘనంగా గెలిచాడు.

మా నాన్నకు ఓటు లేదు. ఆయన దగ్గర ఉన్నది విదేశీయుల రిజిస్ట్రేషన్ కాగితం. దాన్ని ఏటేటా డబ్బు కట్టి తిరిగి రాయించుకోవాలి. అయినా సాయంత్రం డాడాతో కలిసి రేడియో దగ్గర కూర్చుని ఫలితాలు విన్నాడు, తనే నిలబడ్డట్టు.

ఇంతకీ ఆ రోజుల్లో అధ్యక్షుడెవరు? విన్ మాంగ్ అనే కరెన్ జాతి పెద్దమనిషి. ఆయన బొమ్మ ఏ పెట్టె మీదా లేదు. అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది పార్లమెంటు. జాతులన్నిటికీ న్యాయం జరగాలని వంతులవారీగా మనిషిని ఎంచేవారు. మొదట షాన్ సంస్థానాధిపతి సావ్ ష్వే థైక్, తరవాత బర్మన్ న్యాయమూర్తి బా ఊ, ఆ తరవాత ఈయన. విన్ మాంగ్ పేరు మా వీధిలో ఎవరి నోటా విన్నట్టు నాకు గుర్తు లేదు. రాష్ట్రపతి భవన్‌లో ఎవరున్నారో మన ఊళ్ళో ఎంతమందికి పట్టింది?

పసుపు పెట్టె మీద గెలిచిన రాజ్యం రెండేళ్ళే నిలిచింది. రాజ్యమతం మాట 1961 ఆగస్టులో చట్టమైంది. బౌద్ధులు కాని కొండజాతులకు మండింది. 1962 మార్చి 2 తెల్లవారుజామున నె విన్ మళ్ళీ వచ్చాడు, ఈసారి ఆరు నెలలకని చెప్పలేదు. ఆ రాత్రి సావ్ ష్వే థైక్ ఇంటి దగ్గర జరిగిన కాల్పుల్లో ఆయన పదిహేడేళ్ళ కొడుకు పోయాడు. ఆయన్ని పట్టుకెళ్ళారు. నవంబరులో చెరలోనే చనిపోయాడు. దేశానికి మొదటి అధ్యక్షుడు ఆయన.

మా వంతు 1964లో వచ్చింది. దుకాణాలు ప్రభుత్వపరం చేశారు. మే 17న యాభై, వంద చాట్ నోట్లు చెల్లవన్నారు. నాన్న ఆ నోట్లను చాలా రోజులు పారెయ్యలేదు. ఓడ దిగేటప్పుడు మాకు మిగిలినవి వంటపాత్రలు, రెండు పెట్టెలు, అమ్మ మెళ్ళో పుస్తెలు. విశాఖపట్నంలో మాలాంటివాళ్ళున్న పేటని ఇప్పటికీ బర్మా క్యాంపు అంటారు. నేను అక్కడే పెరిగాను, పోర్టులో గుమాస్తాగా చేరి, అక్కడే రిటైరయ్యాను.

ఆ తరవాత పాతికేళ్ళ అధ్యక్షుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నె విన్ 1972లో యూనిఫారం విప్పి, 1974లో అధ్యక్షుడయ్యాడు, 1981లో సాన్ యూకి అప్పజెప్పాడు. ఒకే పార్టీ, ఒక్కో సీటుకి ఒక్కరే అభ్యర్థి. ప్రచారం చేసి ఎవరిని ఓడించాలి?

ఒక్క సంగతి మాత్రం ఇక్కడే చెప్పాలి, లేకపోతే మర్చిపోతాను. 1983 ఎన్నికల ముందు ఎన్టీ రామారావు చైతన్యరథం మీద మా ఊరు వచ్చాడు. పసుపు జెండాలు, పసుపు తోరణాలు. నాన్న చూసి ఏమీ అనలేదు. ముఖ్యమంత్రి అయ్యాక కాషాయం కట్టిన ఫోటో పేపర్లో వచ్చింది. అది చూసి కళ్ళజోడు తీసి, "ఊ ను మళ్ళీ పుట్టేడ్రా" అన్నాడు. ఒకాయన నాటకాలు రాసినవాడు, ఇంకొకాయన ఆడినవాడు. పోలిక అక్కడితో ఆపితే మంచిది.

ఆంగ్ సాన్ సూకీ పేరు మా ఇంట్లో వినపడింది 1988లో. ఆగస్టు 26న ష్వేడగోన్ పగోడా పశ్చిమ ద్వారం బయట లక్షల మంది ముందు ఆవిడ నిలబడింది. వెనక తండ్రి, స్వాతంత్ర్య నాయకుడు ఆంగ్ సాన్ నిలువెత్తు చిత్రపటం. ఇది రెండో స్వాతంత్ర్య పోరాటం అంది. ఆవిడ తల్లి ఖిన్ చీని 1960లో మన దేశానికి రాయబారిగా పంపింది ఊ ను ప్రభుత్వమే. కాబట్టి ఆ పసుపు పెట్టె గెలవకపోతే ఆ అమ్మాయి ఢిల్లీలో చదివేదా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. అందరూ ఆవిణ్ణి తండ్రితో పోల్చారు. మాట సూటిగా ఉంటుందన్నారు. నిజమే, ఆంగ్ సాన్ 1947 జులైలో హత్యకు కొద్ది రోజుల ముందు చేసిన ప్రసంగంలో జనానికి క్రమశిక్షణ లేదని మొహం మీదే తిట్టాడు. ఓట్లడిగేవాడు తిట్టే మాటలు కావవి. 1995లో గృహనిర్బంధం నుంచి వదిలాక ఆవిడ కూడా యూనివర్సిటీ ఎవెన్యూ ఇంట్లో, గేటు వెనక బల్లెక్కి, శని ఆదివారాల్లో జనంతో మాట్లాడేది. గేటుకి ఉన్న డబ్బాలో జనం చీటీలు వేస్తే వాటికి జవాబులు చెప్పేది. టీచరమ్మ పద్ధతి. ఊ ను చెప్పినట్టు పిట్టకథలుండవు.

నేను కూడా అలాగే అనుకునేవాణ్ణి, 2015 దాకా.

ఆ ఏడు అక్టోబరు ఆఖరున, ఎన్నికల ముందు, మళ్ళీ రంగం వెళ్ళాను, ఇప్పుడు దాని పేరు యాంగోన్. మా పెదనాన్న కొడుకు అక్కడే ఉండిపోయాడు, అన్నయ్య. 1964లో మేం ఓడెక్కుతుంటే ఆయన ఎక్కలేదు. ఇప్పుడు తకేటాలో ఇల్లు. ఆయన తెలుగు యాభై ఏళ్ళ క్రితం ఆగిపోయిన గడియారం. మేం టీవీలు చూసి మార్చేసుకున్న మాటలన్నీ ఆయన దగ్గర చెక్కుచెదరకుండా ఉన్నాయి.

ఊరంతా ఎరుపు, సూకీ పార్టీ రంగు. టాక్సీ అద్దాలకు జెండాలు, పిల్లల బుగ్గల మీద ఎర్ర స్టిక్కర్లు, తెల్ల నక్షత్రం వైపు దూసుకెళ్ళే నెమలి. అన్నయ్య మనవడు బుగ్గ మీద స్టిక్కరుతోనే నిద్రపోయేవాడు. నవంబరు 1న సూకీ సభకు వెళ్ళాం. నాకు అరవై మూడు, అన్నయ్యకు డెబ్బై ఒకటి. భుజం మీద కూర్చోబెట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు, అందుకని లారీ చక్రం మీద కాలు పెట్టి చూశాను. జడలో పూలు, సన్నటి మనిషి, మైకు ముందు నిటారుగా. జనం "అమే సూ" అని అరుస్తున్నారు, సూ అమ్మా అని. ఆవిడ ప్రశ్న వేస్తుంది, జనం జవాబు చెబుతారు, ఆవిడ దిద్దుతుంది. నవ్వులు తక్కువ.

వచ్చేదారిలో టీ కొట్టు దగ్గర పొట్టి బల్లల ముందు కూర్చున్నాం. అన్నయ్య మొహింగా తెప్పించాడు, చేపల పులుసులో నూడుల్స్. అరటిదవ్వ ముక్కలు వేలితో పక్కకు తీస్తూ అన్నయ్య అన్నాడు: "మనిసిని సూడొద్దంటాది, పార్టీని సూడమంటాది. మా పేటలో నిలబడ్డోడెవులో నాకు తెల్దు. తెలవక్కర్లేదంట. మరి పార్టీ అంటే ఎవులు? ఆవిడే కదేటి?"

స్పూను నా చేతిలోనే ఆగిపోయింది. అభ్యర్థి మొహం చూడొద్దు, పార్టీకి వెయ్యండి అని ఆ ఎన్నికల్లో ఆవిడ ప్రతి చోటా చెప్పిన మాట అదే. ఊ ను పెట్టె మీద అంటించినది ఏమిటి? స్థానిక అభ్యర్థి బొమ్మ కాదు, తన బొమ్మ. పెట్టెలు పోయి, ముద్ర వేసే కాగితాలొచ్చాయి, పసుపు పోయి ఎరుపొచ్చింది. డాడా పెట్టెలో వేసినదీ అన్నయ్య వెయ్యబోయేదీ ఒకే రకం ఓటు. ఎదురుగా ఉన్న అభ్యర్థిని పక్కకు నెట్టి, దూరాన ఉన్న మొహానికి వేసే ఓటు. తిట్టే తీరు తండ్రిది, ఓటడిగే తీరు ఊ నుది అని నేను తేల్చుకున్నాను. ఇద్దరికీ ఎదురుగా ఉన్నది సైన్యం ఇష్టపడే పార్టీ కావడం ఇంకో పోలిక.

మతం విషయంలో మాత్రం పోలిక తిరగబడింది. ఊ ను పసుపు తనే పూసుకున్నాడు. 2015లో ఆ పసుపు ఆవిడ ప్రత్యర్థుల వైపు ఉంది. జాతి, మతం కాపాడాలంటూ కొందరు భిక్షువులు ఊరూరా తిరిగారు. ఆవిడ వాళ్ళతో వాదించలేదు. వెయ్యికి పైగా అభ్యర్థుల్లో ఒక్క ముస్లింకి కూడా టికెట్ ఇవ్వలేదు. తెల్ల కార్డులనే తాత్కాలిక గుర్తింపు కాగితాలున్నవాళ్ళ ఓట్లు ప్రభుత్వం ఆ ఏడే తీసేసింది. ఎక్కువగా నష్టపోయినవాళ్ళు రోహింగ్యాలు, వాళ్ళతో పాటు మనవాళ్ళలాంటి భారతీయ సంతతివాళ్ళలో కొందరు. ఓటు లేనివాడి కొడుకుని కాబట్టి ఆ మౌనం నాకు గుచ్చుకుంది. అన్నయ్యకు గుచ్చుకోలేదు. "ముందు సోల్జర్లు పోనీ" అన్నాడు.

అప్పటి అధ్యక్షుడు థెయిన్ సెయిన్ మాజీ జనరల్, మెత్తటి మనిషి, సంస్కరణలు తెచ్చినవాడే. ఆయన ఆ ఎన్నికల్లో నిలబడనే లేదు.

సూకీ గెలిచినా అధ్యక్షురాలయ్యే వీల్లేదు. 2008 రాజ్యాంగంలో 59(ఎఫ్) అని ఒక నిబంధన ఉంది, పిల్లలు విదేశీ పౌరులైతే తల్లికి ఆ పదవి లేదు. ఆవిడ కొడుకులిద్దరూ బ్రిటిష్ పౌరులు. పోలింగుకి మూడు రోజుల ముందు, నవంబరు 5న, ఇంటి తోటలో విలేఖర్లు ఇదే అడిగితే, నేను అధ్యక్షుడి పైన ఉంటానంది. అధ్యక్ష పదవికి అభ్యర్థి కాలేని మనిషి, అధ్యక్షుడి పై పదవికి ప్రచారం చేసింది. ఇలాంటిది ఏ దేశంలో జరిగిందో నాకు తెలియదు.

8న తెల్లవారకముందే అన్నయ్య, వదిన ఇస్త్రీ బట్టలు కట్టుకుని వరసలో నిలబడ్డారు. ఆరింటికి తలుపులు తీశారు. తిరిగొచ్చాక చిటికెన వేలు చూపించారు, మొదటి కణుపు దాకా ఊదా సిరా. అన్నయ్య దాన్ని నీళ్ళు తగలకుండా పైకెత్తిపట్టుకునే అన్నం తిన్నాడు. ఎన్నిక జరిగిన 491 సీట్లలో 390 ఆవిడ పార్టీవే.

2016 మార్చి 15న పార్లమెంటు టిన్ చోని అధ్యక్షుణ్ణి చేసింది, 652లో 360 ఓట్లతో. ఆవిడ కోసం స్టేట్ కౌన్సిలర్ అని కొత్త పదవి సృష్టించారు. రెండేళ్ళకు టిన్ చో దిగిపోతే విన్ మ్యిన్ వచ్చాడు. ఫోన్‌లో అన్నయ్యని అడిగాను, మీ కొత్త అధ్యక్షుడెవరని. "పేరేటో... విన్ ఏదో. ఎవులైతేనేటి, ఆవిడుంది కదా" అన్నాడు. నాకు విన్ మాంగ్ గుర్తొచ్చాడు. ఆ విన్, ఈ విన్, ఇద్దరి బొమ్మా ఎవరూ గోడకి అంటించలేదు.

2021 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున సైన్యం మళ్ళీ వచ్చింది. సూకీని, విన్ మ్యిన్‌ని పట్టుకెళ్ళారు. మర్నాటి నుంచి రాత్రి ఎనిమిదయ్యేసరికి యాంగోన్‌లో ఇంటింటా గిన్నెలు మోగించేవారు, దయ్యాన్ని వెళ్ళగొట్టడానికి. వదిన మా అమ్మ ఓడెక్కేముందు ఇచ్చిన ఇత్తడి చెంబు తీసి కొట్టిందట, సొట్టలు పడ్డాయని అన్నయ్య విసుక్కున్నాడు.

ఆ అక్టోబరులో కోర్టు బోనులో విన్ మ్యిన్ చెప్పిన సాక్ష్యం బయటికొచ్చింది. ఆ తెల్లవారుజామున ఇద్దరు పెద్ద సైనికాధికారులు తన గదిలోకి వచ్చి, ఒంట్లో బాగోలేదని చెప్పి రాజీనామా చెయ్యమన్నారట. ఒంట్లో బాగానే ఉందన్నాడట. ఒప్పుకోకపోతే చాలా కష్టపడతావని బెదిరించారు. చావనైనా చస్తాను గానీ ఒప్పుకోనన్నాడట.

తరవాత ఫోను చేసినప్పుడు ఆ సంగతి నేనెత్తలేదు. ఫోన్లలో రాజకీయాలు మాట్లాడకూడదని మా ఒప్పందం. వదిన మోకాళ్ళ గురించీ, బియ్యం ధర గురించీ చెప్పి, పెట్టేసే ముందు అన్నయ్యే గొంతు తగ్గించాడు.

"ఆయన పేరు అప్పుడు నీకు సరిగ్గా సెప్పలేదురా తమ్ముడూ. ఊ విన్ మ్యిన్."